పదకొండో ఆవకాయ

మా వీధిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు జీతం చీటీ, అదే పే స్టబ్, పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. ఎక్కువమంది అక్టోబరు నెలాఖరులో వస్తారు. స్టూడెంట్ వీసా మీద పనిచేసినన్నాళ్లూ లేని కోతలు హెచ్‌వన్ మొదలైన నెల నుంచి కనిపిస్తాయి కాబట్టి. ఈమధ్య ఒకబ్బాయి, "ఆంటీ, వీసా ఇచ్చి జీతం కోశారు. ఈ మెడికేర్ అంటే ముసలివాళ్లకి కదా, నేనెందుకు కట్టాలి?" అన్నాడు.

నేను చెప్పే జవాబు చిన్నది. నీ జీతంలో నూటికి ఒకటిన్నర కన్నా కాస్త తక్కువ నువ్వు కడతావు, అంతే మొత్తం మీ కంపెనీ కడుతుంది. రెండూ కలిసి ఒక నిధిలోకి వెళ్తాయి. అరవై ఐదు దాటినవాళ్ల ఆస్పత్రి ఖర్చు అందులోంచి ఇస్తారు. నీ డబ్బు నీ పేరున దాచరు. ఇప్పుడు నువ్వు కట్టేది ఇప్పుడే ఎవరి ఆపరేషన్‌కో పోతుంది. నీ వంతు వచ్చేసరికి అప్పటి పిల్లలు కడతారు. మొత్తం పదేళ్లపాటు, అంటే నలభై క్వార్టర్లు, కట్టి ఉంటే ఆస్పత్రి భాగానికి నువ్వు ముసలితనంలో ప్రీమియం కట్టక్కర్లేదు. నీ లెక్క మీద నీ భార్యకీ వస్తుంది.

తలూపి వెళ్లిపోతారు. పొడుగు జవాబు వినే తీరిక వాళ్లకి ఉండదు. నాకూ నోటితో చెప్పడం చేతకాదు. అందుకని రాస్తున్నాను.

డాలస్ పక్కన ప్లేనోలో ఒక చిన్న పేరోల్ ఆఫీసులో నేను 2001 నుంచి 2015లో రిటైరయ్యే దాకా పనిచేశాను. జీతాల లెక్కలు సొంతంగా చూసుకోలేని చిన్న వ్యాపారాలు ఆ పని మాకప్పగించేవి. పళ్ల డాక్టర్లు, నెయిల్ సెలూన్లు, గ్యాస్ స్టేషన్లు, మనవాళ్ల కిరాణా షాపులు. వాళ్లు గంటలు పంపేవారు, మేం చెక్కులు తయారుచేసి, కోతలు ప్రభుత్వానికి జమచేసేవాళ్లం. చెప్పుకోదగ్గ పనేం కాదు. తప్పు జరిగితేనే మేం ఉన్నామని ఎవరికైనా తెలిసేది.

మా సూపర్‌వైజర్ వెస్ట్ టెక్సస్ పత్తి చేల మధ్య పెరిగిన పెద్దావిడ. మాట మెల్లగా వచ్చేది, పని మాత్రం చకచకా సాగేది. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిస్తే నా పక్కకి కుర్చీ జరుపుకుని, "ఇవాళ పసుపా, ఎరుపా?" అని అడిగేది. పసుపు అంటే పప్పు. ఎరుపు అంటే పచ్చడి. ఎరుపు రోజున తన చపాతీ లాంటి దాన్ని తెచ్చుకుని అద్దుకునేది.

2008లో మా ఆయన పోయారు. అరవై ఒకటి నిండాయి. ఈ దేశంలో చేసిన ఉద్యోగమంతా ఆ మెడికేర్ కోత కట్టారు, ఒక్కరోజు కూడా వాడుకోలేదు. ఆయన పోయాక కొంతకాలం, పే స్టబ్‌లో ఆ లైను కంటపడితే నాకు కోపం వచ్చేది. అది పొద్దున్నుంచి సాయంత్రం దాకా కంటపడే ఉద్యోగం నాది. ఎవరితోనూ అనలేదు.

ఆ రోజుల్లో మా క్లయింట్లలో ఒక ఆంధ్రా షాపు ఉండేది. ముందు కిరాణా, వెనక వంటగది. ఓనరు అంతకుముందు అరిజోనాలో, చాండ్లర్‌లో చిప్ కంపెనీ ఇంజనీరు. ఉద్యోగం పోయాక మళ్లీ దరఖాస్తులు పెట్టే ఓపిక లేక, డాలస్ వైపు వచ్చి 2002 మొదట్లో షాపు పెట్టాడు. తల్లి చిన్నప్పుడే పోయిందట. మాట మర్యాద ఉన్న మనిషి. నన్ను అక్కా అనేవాడు.

ఆ వంటగది మన తెలుగు పెద్దావిడ ఒకరి చేతిలో ఉండేది. కందిపొడి, గోంగూర, సున్నుండలు, వేసవిలో ఆవకాయ. షాపు పేరు చెబితే ఎవరికీ తెలిసేది కాదు గాని, పచ్చళ్ల పిన్నిగారి షాపు అంటే పక్క ఊరు ఫ్రిస్కో దాకా తెలుసు. ఆవిడా భర్తా గ్రీన్‌కార్డు మీద 2001లో వచ్చి కూతురింట్లో ఉంటున్నారు. భర్త మన దగ్గర రిజిస్ట్రారాఫీసులో చేసి రిటైరయ్యారు. నేను ఆవిణ్ణి అక్కయ్యగారూ అనేదాన్ని.

2010 మే నెల. నేను ఆవకాయ కోసం వెళ్లాను. ఆవిడ మెక్సికో మామిడికాయ ముక్కలకి టెంక పొర తీస్తూ కూర్చున్నారు.

"మంచి పుల్లటివి దొరికాయా అక్కయ్యగారూ?"

"ఏం పులుపమ్మా, వీటికంటే నా అల్లుడి మొహం పుల్లగా ఉంటుంది సోమవారం పొద్దున్నే." నవ్వి, గొంతు తగ్గించి, "ఇది తొమ్మిదోది. ఇంకొక్క ఆవకాయ పడితే నా నలభై పూర్తవుతాయి" అన్నారు.

"నలభై ఏమిటి?"

"క్వార్టర్లమ్మా. నీ పనే అదిగా, నన్నడుగుతావేం? ఏడాదికి నాలుగు. నేను ఆవకాయకి నాలుగని లెక్క పెట్టుకుంటున్నాను."

నేను డబ్బా తీసుకుని కారులో కూర్చున్నాను కాని స్టార్ట్ చేయలేదు. ఆ షాపు జీతాల లెక్క చేసేది నేనే. కౌంటరు దగ్గర పిల్లలు, లోడు దింపేవాళ్లు, మాంసం కొట్టే అతను, అందరి పేర్లూ నాకు తెలుసు. ఆవిడ పేరు ఎప్పుడూ లేదు. ఓనరుకి దగ్గర చుట్టం, సాయానికి వస్తారు అనుకున్నాను అన్నేళ్లూ.

మర్నాడు సూపర్‌వైజర్‌కి చెప్పాను. ఒక క్లయింటు జీతాల సంగతి బయటివాళ్లకి చెప్పడం మాకు నిషిద్ధం. ఆవిడ, "ఫైల్లో ఏముందో నువ్వు ఆమెకి చెప్పకూడదు. పనిచేసిన మనిషి చేతిలో ఏముండాలో చెప్పొచ్చు. అది రహస్యం కాదు" అంది.

ఆ వారం మళ్లీ వెళ్లాను. "అక్కయ్యగారూ, మీకు జీతంతో పాటు ఒక చీటీ ఇస్తారా, కోతలవీ ఉండేది?"

"కోతలా? నాకు కోతలెందుకుంటాయమ్మా? అబ్బాయి ప్రతి నెలా మొదటి శుక్రవారం కవరిస్తాడు. రెండు తమలపాకులు, వక్క, పండు పెట్టి, పైన కవరు. వంగి దణ్ణం పెట్టి మరీ ఇస్తాడు. ప్రతి ఉగాదికీ నేను అడక్కుండానే పెంచుతాడు."

"ఏటా టాక్స్ వేసేటప్పుడు షాపువాళ్లిచ్చే కాగితం?"

"అల్లుడే మమ్మల్నిద్దర్నీ తన దాంట్లో చూపించుకుంటాడు. నాకేం కాగితాలు రావు." అప్పుడు చేతులు ఆగాయి. "షాపులో పనిచేస్తే గవర్నమెంటు వాళ్లకి తెలిసిపోదా?"

ఎవరో ఒకరు చెప్తేనే తెలుస్తుందన్నాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుని, నాకు తెలియని సంగతి చెప్పారు. వాళ్లాయనకి గుండెలో ఒక కవాటం గట్టిపడుతోంది. ఏడాదికో రెండేళ్లకో మార్చాలన్నారు డాక్టర్లు. డాక్టర్ల ఫీజులకి పనికొచ్చే రెండో భాగం మెడికేర్‌కి అందరూ నెలనెలా కట్టాల్సిందే, అది అల్లుడు కడుతున్నాడు. ఆస్పత్రి భాగం మాత్రం ఎవరి నలభై క్వార్టర్లూ లేకుండా కావాలంటే కొనుక్కోవాలి. ఇద్దరికీ కలిపితే ఆవిడకి షాపులో వచ్చేది దాదాపు అంతా దానికే పోతుంది. "అల్లుడు మంచివాడు. అడిగితే ఇల్లమ్మైనా చేయిస్తాడు. అందుకే అడగను. నా నలభై మీద ఆయనకి చేయిద్దామనే, మోకాళ్లు వాచినా నేను మానలేదు."

ఆవిడ నన్ను ఏం చెయ్యమనీ అడగలేదు. ఆ రోజు సగం ముక్కలు అలాగే వదిలేసి ఇంటికి వెళ్లిపోయారని తర్వాత తెలిసింది.

ఓనరుతో మాట్లాడటం ఆఫీసు పనిగానే చేశాను. పనిచేసేవాళ్లందరినీ లెక్కలో చూపించండి అని మేం ఎలాగూ క్లయింట్లకి చెప్పాలి. ఫోన్లో ఆవిడ పేరెత్తాను. అతను, "అక్కా, మా అమ్మ వయసు ఆవిడకి చెక్కు రాసి, అందులో కోతలు కోసి చేతిలో పెట్టమంటారా? అందరికీ జీతం ఇస్తాను. ఆవిడకి ఇచ్చుకుంటాను" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. అలా ఇవ్వడం వల్ల యజమానిగా కట్టాల్సిన అతని వాటా మిగిలిన మాటా అబద్ధం కాదు. అది అతనికి ఎప్పుడైనా తట్టిందో లేదో నాకు తెలియదు.

షాపుకి మంగళవారం సెలవు. ఒక మంగళవారం ఓనరు, ఆవిడ, నేను వంటగదిలో కూర్చున్నాం. అతను ఫోన్లో తన అకౌంటెంటుని పెట్టి, అందరికీ వినబడేట్టు స్పీకర్ ఆన్ చేశాడు. ఆ అకౌంటెంటూ మనవాడే.

"తేనెతుట్టె ఎందుకు కదపడం బ్రదర్? గిఫ్ట్ అని వదిలేయండి. ఇన్నేళ్లవి ఇప్పుడు ఫైల్ చేస్తే రెండు వైపులదీ మీరే కట్టాలి, పైన పెనాల్టీ. ఆంటీగారు కూడా గిఫ్టే అంటారు. ఏం ఆంటీగారూ?"

ఆవిడ ఇబ్బంది నాకు అర్థమైంది. వాళ్లింట్లో ఎవరూ డబ్బు తీసుకుని వంట చేసినవాళ్లు కారు. ఊళ్లో బంధువులకి ఫోన్ చేసినప్పుడు వాళ్లాయన "మా ఆవిడ తెలిసినవాళ్ల షాపులో కాస్త సాయంగా ఉంటోంది" అనేవారు. లోపల అది ఉద్యోగం, బయటికి సాయం. తొమ్మిదేళ్లు ఆ రెండు పేర్లతోనూ నడిపారు. ఇప్పుడు ఏదో ఒకటే ఉండాలి.

ఆవిడ ఫోన్ వైపు చూడలేదు. ఓనరు వైపు తిరిగారు.

"అబ్బాయ్, నేనిక్కడికి రాకపోతే ఈ పొడులకీ పచ్చళ్లకీ ఇంకెవర్నన్నా పెట్టుకునేవాడివి కదా?"

"పెట్టుకోవాల్సిందేగా పిన్నిగారూ."

"ఊరికే చేసేదా ఆవిడ?"

"లేదండీ. జీతమే."

"ఎలా ఇచ్చేవాడివి? కవర్లోనా?"

"చెక్కు."

"కోతలతో?"

అతను తల దించుకుని, "కోతలతోనే" అన్నాడు.

"ముక్కూ మొహం తెలియని మనిషికైతే అన్నీ ఇచ్చేవాడివి. నన్ను అమ్మలా చూసుకున్నందుకు నాకు ఒకటి తగ్గిందన్నమాట."

అకౌంటెంటు ఫోన్లో "హలో, హలో" అంటున్నాడు. ఓనరు ఫోన్ కట్ చేశాడు. లేచి వెళ్లి సింకులో మొహం కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"నాకు తట్టలేదు పిన్నిగారూ."

"నాకూ తట్టలేదు నాయనా. నువ్వు దణ్ణం పెట్టి ఇస్తుంటే బావుండేది. చెక్కిస్తే నేనెవరో నాకే గుర్తు చేసినట్టుండేది." తర్వాత నాతో, "ఏం రాయాలో రాయమ్మా. ఉద్యోగం ఏమిటని అడుగుతారు కదా, వంటమనిషి అని రాయి. సాయం అని రాయకు" అన్నారు.

"మీ ఆయన ఏమంటారో?" అన్నాడు ఓనరు.

"ఆయన గుండె కోసమేగా. ఆ మాత్రం వింటారు."

విన్నారు కూడా. కొన్నాళ్లకి గుళ్లో ఎవరికో పరిచయం చేస్తూ, "మా ఆవిడ ఉద్యోగస్థురాలు, నేను ఆవిడ డిపెండెంట్‌ని" అన్నారు. ఆవిడ ఆయన మోచేతి మీద పొడిచారు.

ఆ తర్వాతిది ఆఫీసు పని, క్లుప్తంగా చెప్తాను. పాత సంవత్సరాల జీతాలు ఆలస్యంగా ఫైల్ చేశాం. రెండు వైపుల కోతలూ, పెనాల్టీ అతనే కట్టాడు. దానికోసం రెండో షాపు పెట్టాలన్న ఆలోచన మానుకున్నాడు. సాధారణంగా మూడేళ్లు దాటితే సోషల్ సెక్యూరిటీ ఆఫీసువాళ్లు తమ దగ్గరున్న సంపాదన రికార్డు దిద్దరు. కాని ఒక యజమాని దగ్గర చేసినది మొత్తానికే ఎక్కకపోతే, రుజువు చూపిస్తే ఎక్కించే వీలుంది. రుజువంటే తోటి పనివాళ్ల వాంగ్మూలాలు, బ్యాంకులోంచి డబ్బు తీసిన వివరాలు. మాంసం కొట్టే అతను మెక్సికో మనిషి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకి సెలవు పెట్టుకుని వచ్చాడు. రోజూ మధ్యాహ్నం తనకి అన్నం పెట్టేది ఆవిడేనని, తనకంటే ముందు వచ్చి తన తర్వాత వెళ్లేదని స్పానిష్‌లో చెప్పాడు. మా సూపర్‌వైజర్ ప్రతి కాగితం పంపేముందు తనే రెండుసార్లు చదివింది. ఎందుకంత శ్రద్ధ అని అడిగితే, "ఎరుపు ఆమే చేస్తుందన్నావు కదా" అంది.

కొత్త జీతం మొదలైన నెల మొదటి శుక్రవారం నేను షాపులోనే ఉన్నాను. ఓనరు చెక్కు తెచ్చాడు. కింద తమలపాకులు, వక్క, పండు. అవి మానలేదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని స్టబ్ అంతా చదివి, మెడికేర్ అన్న చోట వేలు పెట్టారు.

"ఇది నా పేరున ఉంటుందా?"

"ఉండదండీ. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్న పెద్దవాళ్లకి పోతుంది."

"మరి మా ఆయనకి?"

"అప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లది వస్తుంది. మీరు కట్టారన్న సంగతి మాత్రమే మీ పేరున ఉంటుంది."

ఆవిడ స్టబ్ మడుస్తూ, "వాయనం లాంటిదన్నమాట. ఇచ్చినావిడ దగ్గరే మళ్లీ పుచ్చుకోవాలని ఉండదుగా" అన్నారు. నాకు పోలికలంటే పెద్ద నమ్మకం లేదు. వాయనం ఎవరూ జీతంలోంచి కోసుకోరు. అయినా అంతకంటే సరైన మాట నా పద్నాలుగేళ్ల ఉద్యోగంలో వినలేదు.

2011 చివర్లో సోషల్ సెక్యూరిటీ నుంచి జవాబు వచ్చింది. అన్ని సంవత్సరాలూ ఎక్కించారు, మొదటి ఏడాది తప్ప. 2002లో షాపు కొత్త. బ్యాంకు వివరాలు దొరకలేదు, అప్పటి పనివాళ్లు ఎటు పోయారో తెలియదు. అంటే 2012 కూడా చెయ్యాలి. చివరి క్వార్టరు అక్టోబరు వస్తేగాని రాదు.

వాళ్లాయనకి అప్పటికే మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. కూతురు ఏడ్చింది. అల్లుడు నేరుగా వచ్చి ఓనరుని తిట్టాడు. ఓనరు ఆ తిట్లు పడ్డాడు. కార్డియాలజిస్టుని అడిగితే, జాగ్రత్తగా చూసుకుంటే శరత్కాలం దాకా ఆగొచ్చు, ఈలోగా స్పృహ తప్పితే మాత్రం ఎమర్జెన్సీకి తీసుకొచ్చేయండి, డబ్బు సంగతి చూడొద్దు అన్నాడు.

ఆ వేసవి ఆవిడ పదకొండో ఆవకాయ పెట్టారు. మోకాళ్ల వల్ల కింద కూర్చోలేక ఎత్తు స్టూలు వేసుకున్నారు. ముక్కలు ఓనరే కొట్టాడు. ఫోను ఆవపిండి గిన్నె పక్కన పెట్టుకుని, అది మోగితే చేతులు గాల్లోకి ఎత్తేసి, "ఎవరో చూడమ్మా, మా అమ్మాయేనా?" అనేవారు. ఆ వేసవిలో నేను వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఇన్సూరెన్స్ అమ్మేవాళ్లో, ఉల్లిపాయల లారీవాడో.

అక్టోబరు వచ్చింది. ఆయన స్పృహ తప్పలేదు. ఆవిడ లెక్క మీద ఇద్దరికీ ఆస్పత్రి భాగం ఉన్న మెడికేర్ కార్డులు వచ్చాయి. నవంబరులో ఆపరేషన్ చేశారు.

మా ఆయన పోయిన ఆస్పత్రే అది. నేను వెళ్లకుండా ఉండాలనుకున్నాను, వెళ్లాను. వెయిటింగ్ రూములో కూతురు, అల్లుడు, ఓనరు ఒక వరసలో కూర్చున్నారు. ఆవిడ నన్ను చూసి పక్క కుర్చీలో సంచి తీసి చోటిచ్చారు. సంచిలో అందరికీ దద్దోజనం ఉంది. మధ్యాహ్నం సర్జన్ బయటికి వచ్చి కవాటం బాగా కూర్చుందని చెప్పాడు. అల్లుడు వెళ్లి ఓనరుకి కాఫీ తెచ్చి ఇచ్చాడు. అంతకుమించి వాళ్లు రాజీపడిన దాఖలా లేదు.

కొంచెం సేపటికి ఆవిడ అడిగారు. "ఇవాళ్టికి కట్టినవాళ్లెవరో మనకి తెలియదు కదా?"

"తెలియదండీ. ఈ దేశంలో ఉద్యోగం చేసేవాళ్లందరూ కొంచెం కొంచెం."

"మీ ఆయన కట్టిందీ అలాగే ఎవరికో అంది ఉంటుంది."

"అంది ఉంటుంది."

"వాళ్లకీ తెలిసి ఉండదు" అన్నారావిడ. డబ్బా మూత తీసి నా చేతికి ఇచ్చారు.

ఆయన ఇప్పుడు రోజూ పార్కు చుట్టూ నడుస్తున్నారు. ఆవిడ షాపు మానేశారు. చెక్కు తీసుకుని పనిచేసే ఇద్దరు ఆడవాళ్లకి పొడుల కొలతలు నేర్పి మరీ మానేశారు. వాళ్ల గంటలు మొదటి వారం నుంచే మా ఆఫీసుకి వచ్చాయి. మొదటి శుక్రవారం వాళ్లకీ ఆకు వక్క ఉంటుంది, చెక్కు కింద.

ఆ లైను చూస్తే ఆ తర్వాత నాకు కోపం రాలేదు. ఓదార్పుగా ఉందనీ అనను. 2015లో నా చివరి పే స్టబ్ నేనే ప్రింట్ తీసుకున్నాను. ఆ కోత అందులోనూ ఉంది. సూపర్‌వైజర్ అప్పటికి రిటైరయి రెండేళ్లు. ఆవిడకిచ్చి రావాలని, సాయంత్రం షాపులో ఆగి ఒక ఎరుపు డబ్బా కొన్నాను.